గనిలోనూ బోటు వాటా

విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో బోటు వాటాను ఎల్లాజీ తిట్టినంతగా ఇంకెవరూ తిట్టి ఉండరు. ఐసు ఫ్యాక్టరీ పక్కన ఒక టీ బడ్డీ ఉంది. అక్కడ ఒక కాలు బల్ల మీద పెట్టి మొదలెట్టాడంటే రెండో టీ చల్లారేదాకా ఆపేవాడు కాడు. వేట నుంచి తిరిగొచ్చి చేపలు వేలం వేశాక, డీజిలూ ఐసూ బియ్యమూ ఖర్చు తీసేయగా మిగిలినదాంట్లో సగం బోటుకి పోతుంది. బోటుకి అంటే బోటు యజమానికి. తక్కిన సగంలో చుక్కాని పట్టే సరంగుకి రెండు వాటాలు, వల లాగే కలాసీలకి తలా ఒక వాటా. తాతల నాటి లెక్క. ఎల్లాజీకి ఈ లెక్క అంటే ఒళ్లు మంట.

“బోటుకేటి, పెళ్లామా, పిల్లలా? బోటు కూడు తింటాదా?” అని అడిగేవాడు. విన్నవాళ్లు తలలూపేవాళ్లు. తలూపడానికి వాటా ఇవ్వక్కర్లేదు కదా.

అదే ఎల్లాజీ, సూరన్న అరుగు మీద లెక్క చూసే రోజున చేతులు కట్టుకుని అందరి వెనకాల నిలబడేవాడు. సూరన్న ఎల్లాజీ పనిచేసే బోటుకి యజమాని. లెక్కంతా పైకి చదివి, ఎవరికైనా అనుమానం ఉంటే అడగండి అనేవాడు. చెడ్డవాడు కాడు, అడిగితే చెప్పేవాడే. ఇరవై రెండేళ్లలో ఎల్లాజీ ఒక్కసారీ అడగలేదు. ఇంట్లో పులి వీధిలో పిల్లి అంటారు. మనవాడు టీ బడ్డీ దగ్గర పులి, సూరన్న అరుగు దగ్గర పిల్లి. పిల్లి అయినా అప్పుడప్పుడూ మ్యావ్ అంటుంది, ఇతను అదీ లేదు.

పెదజాలారిపేటలో పుట్టాడు. పద్దెనిమిదో ఏట బోటెక్కాడు. నలభై వచ్చినా కలాసీయే. సరంగు కావాలని మనసులో ఉండేది. కాని సూరన్నకి అల్లుడున్నాడు, అల్లుడికి రెండు చేతులున్నాయి, చుక్కాని పట్టడానికి అవి చాలు. ఆ అల్లుడు అన్నం తినేటప్పుడు మాత్రం ఓ పావుగంట ఎల్లాజీని పట్టుకోమనేవాడు, అదీ దారి మార్చొద్దని చెప్పి మరీ. ఉంటున్న ఇల్లు భార్య అప్పాయమ్మకి పుట్టింటివాళ్లు ఇచ్చింది. తిరిగే సైకిలు బావమరిది దుర్గారావుది. తనది అని చూపించడానికి ఆ మనిషి దగ్గర నోరు తప్ప ఇంకేమీ లేదు. ఆ నోటితోనే ఇంతకాలం నెట్టుకొచ్చాడు.

రెండువేల నాలుగు వేసవిలో ఎప్పటిలాగే వేట నిషేధం వచ్చింది. ఏప్రిల్ నడుమ నుంచి మే నెలాఖరు దాకా చేపలు గుడ్లు పెట్టే కాలమని బోట్లన్నీ కట్టేస్తారు. ఆ నెలన్నరా అప్పాయమ్మ ఎండు చేపల గంప నెత్తికెత్తుకుని తొలి బస్సుకి స్టీలు ప్లాంటువాళ్ల కాలనీ ఉక్కునగరం వెళ్లేది. సెక్టార్లన్నీ తిరిగి, క్వార్టర్ల ఆడవాళ్లతో బేరాలాడి, రెండింటికల్లా ఖాళీ గంపతో తిరిగొచ్చేది. ఎల్లాజీ పొద్దున్న రెండు గంటలు వల బాగుచేసేవాడు. తక్కిన పగలంతా బోటు వాటాని బాగుచేసేవాడు.

నిషేధం రోజుల్లో ఇచ్చే బియ్యానికి రేషన్ కార్డు జిరాక్సు కావాలన్నారు. పాతనగరంలో కురుపాం మార్కెట్ దగ్గర సందులో నజీర్ అహ్మద్ అనే గడియారాల మేస్త్రీకి ఒక చిన్న కొట్టు ఉండేది. ఆయనకి చూపు ఆనకపోవడంతో కూతురు ఫిర్దౌస్ ఆ కొట్టులోనే ఒక జిరాక్సు మిషనూ ఆరు కంప్యూటర్లూ పెట్టి నెట్ సెంటర్ అని బోర్డు కట్టింది. బీకాం చదివిన పిల్ల, ఇరవై నాలుగేళ్లుంటాయి. వేసవి సెలవులకి కాలేజీ కుర్రాళ్లు ఊళ్లకి పోయారు. సెంటర్ ఖాళీ. ఎల్లాజీ వెళ్లేసరికి ఫిర్దౌస్ ఒక్కతే కౌంటర్ దగ్గర కూర్చుని ఏదో ఆట ఆడుకుంటోంది.

తెర మీద ఒక మనిషి గనిలో నడుస్తున్నాడు. గునపంతో నల్లరాయిని కొడుతుంటే ఇనుము పెళ్లలు ఊడిపడుతున్నాయి. అడ్డొచ్చిన తోడేలుని కొడితే అది చచ్చి, తోలూ నాలుగు బంగారు నాణేలూ నేల మీద పడ్డాయి. ఎల్లాజీ జిరాక్సు కాగితం చేత్తో పట్టుకుని, డబ్బులివ్వడం మర్చిపోయి, గంటసేపు ఆమె వెనకాలే నిలబడ్డాడు. ఫిర్దౌస్ ఓపిగ్గా చెప్పింది. ఇనుము తవ్వి కొలిమిలో కరిగిస్తే కడ్డీలవుతాయి. కడ్డీలూ బంగారమూ కూడబెట్టి ఊళ్లో కమ్మరికిస్తే కత్తులూ కవచాలూ చేసిపెడతాడు. వాటితో ఇంకా లోతుకి వెళ్లొచ్చు. ఎల్లాజీకి అదంతా సరిగ్గా ఎక్కలేదు. అతన్ని పట్టుకున్నది వేరే సంగతి.

“కింద పడ్డ బంగారం ఎవులిది పాపా?” అని అడిగాడు.

“ఎవరు ఏరుకుంటే వాళ్లది అన్నా.”

ఎల్లాజీ నమ్మలేదు. ఇందులో ఏదో మోసం ఉందనుకున్నాడు.

మర్నాడు దుర్గారావునీ, తన బోటులోనే పనిచేసే అర్జునరావునీ వెంటేసుకుని వచ్చాడు. దుర్గారావు వాగుడుకాయ. అర్జునరావు రోజుకి రెండు మాటలకి మించి ఆడడు, అవి కూడా అన్నం దగ్గరే. వేసవి కదా అని ఫిర్దౌస్ గంటకి పది రూపాయలకే ఒప్పుకుని, మూడు కంప్యూటర్లు కలిపి, ఆటలో ముగ్గురి తరఫునా తవ్వే వీరులు ఒకే గనిలో తిరిగేలా చేసింది. తను ఆడే వీరవనిత అప్పటికే ఆ ఆట ఊళ్లో నిలబడి ఉంది, అలాగే ఉంచేసింది. ఒక్క మాట ముందే చెప్పింది. జూన్ రాగానే ఎంసెట్ ఫలితాలూ కౌన్సెలింగూ, అదే ఆమెకి ఏడాది తిండి. అందుకని మే ముప్ఫై ఒకటి సాయంత్రం కంప్యూటర్లన్నిటి లోంచీ ఆట తీసేస్తుంది. ఆడుకుంటే ఈ నెలన్నరే.

కమ్మరి కొట్టు ముందు ఎల్లాజీ ఒక కవచం బొమ్మ చూశాడు. నల్లినుముతో చేసింది, మెడ నుంచి మోకాళ్ల దాకా. యాభై కడ్డీలూ ఇరవై వేల బంగారమూ ఇస్తే చేస్తానని కింద రాసి ఉందని ఫిర్దౌస్ చదివి చెప్పింది. నల్లినుము ఏ దుకాణంలోనూ అమ్మరు, గనిలో దొరకాల్సిందే. ఆ కవచం తొడుక్కున్నవాడు గని అడుగున నిప్పు వాకిలి దాటగలడట. వాకిలి అవతల ఏముందో ఎల్లాజీకి అక్కర్లేదు. తను తవ్వి, తను మోసి, తను చేయించుకుని, తను తొడుక్కునే వస్తువు నలభై ఏళ్లలో ఇదే మొదటిది. బొమ్మల లోకంలోదైతే మాత్రం ఏం, తనది తనదే.

“మనదని ఒక్కటుండాల్రా,” అన్నాడు దుర్గారావుతో. ఆ మాట అన్నప్పుడు మాత్రం టీ బడ్డీ గొంతు కాదు. దుర్గారావు నవ్వబోయి మానేశాడు.

మొదటి రోజు రెండు గంటలు తవ్వితే పదహారు నల్లినుము కడ్డీలు వచ్చాయి. ఆట ఊరి నడిబొడ్డున ముగ్గురు వీరుల్నీ ఆపించి, ఉన్నదంతా కింద పొయ్యమన్నాడు ఎల్లాజీ. పోశారు. ముందు బోటుకి సగం తియ్యండి అన్నాడు.

ఇక్కడ చదివేవాళ్లకి ఒక అనుమానం రావాలి. రాని వాళ్లుంటే హార్బర్‌లో ఉద్యోగం చూసుకోవచ్చు. ఏ బోటు? ఆ గనిలో సముద్రం లేదు, డీజిలు లేదు, సూరన్న లేడు, సూరన్న అల్లుడూ లేడు. దుర్గారావు మాత్రం ఏ బోటు అని అడగలేదు. ఎక్కడ పెట్టమంటావు బావా అని అడిగాడు. ముగ్గురూ కూడి ఆలోచించారు. గనికి తీసుకెళ్లేది కంప్యూటరు. అది లేకపోతే తవ్వడమే లేదు. కాబట్టి కంప్యూటరే బోటు, కంప్యూటర్లు ఎవరివైతే వారే బోటు ఓనరు. ఎల్లాజీ వీరుడు ఎనిమిది కడ్డీలు మోసుకెళ్లి ఫిర్దౌస్ వీరవనిత కాళ్ల దగ్గర పోశాడు. మిగిలిన ఎనిమిదిలో సరంగుకి నాలుగు, కలాసీలకి రెండేసి. సరంగు ఎవరన్నది ఎవరూ చర్చించలేదు. ఎల్లాజీ నాలుగు తీసుకున్నాడు, అంతే.

ఫిర్దౌస్ ఇదేదో వాళ్లలో వాళ్లు పెట్టుకున్న పందెం అనుకుంది. నవ్వి, ఎనిమిదీ ఏరుకుని ఆటలోని తన పెట్టెలో వేసుకుంది. ఊరికే వచ్చిన సొమ్ముని వద్దనేవాళ్లు ఎవరుంటారు? ఆ పూట దాకా పాపా అని పిలిచిన ఎల్లాజీ ఆ క్షణం నుంచీ ఓనరమ్మా అనడం మొదలెట్టాడు. అప్పటిదాకా కుర్చీలో చేరబడి ఆడినవాడు, ఆమె పక్క నుంచి వెళ్తే నిటారుగా కూర్చునేవాడు. సూరన్న ఇరవై రెండేళ్లుగా దోచుకుంటున్నాడని టీ బడ్డీ దగ్గర విన్నవాళ్లం మనం. ఇక్కడ దోచుకునేవాళ్లు దొరక్క, మనవాడే వెతికి, కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

ఒక్క బోటు వాటాయేనా? హార్బర్ మొత్తాన్ని గనిలోకి దించాడు. రోజూ మొదట పడ్డ నాణేన్ని గంగమ్మ తల్లికని నేల మీదే వదిలెయ్యాలి. అందరి కంటే వెనక నడిచే దుర్గారావు దాన్ని రోజూ ఏరుకునేవాడు. గంగమ్మ తల్లి అంతా చూస్తోంది కాని, ఆమెకీ అలవాటే. బోటు దిగేముందు కలాసీలు కూరకి నాలుగు చేపలు తీసుకున్నట్టే, లెక్కకి ముందు తలా ఒకటి, గనిలో దొరికే గాయాల మందు సీసా తీసుకోవచ్చు. తోలు అమ్మాలంటే దుకాణదారు ముందు నిలబడి వేలం పాడాలి. యాభై, అరవై అని ఎల్లాజీ పైకి అరిచేవాడు. బొమ్మ దుకాణదారు ఎప్పుడూ నలభైయే ఇచ్చేవాడు. హార్బర్‌లో చేపలు కొనే సేట్లూ చివరికి ఇచ్చేది ఇంచుమించు అంతే కనక ఎల్లాజీకి అందులో ఏమీ తేడా కనిపించలేదు.

బంగారం దాచుకోవడానికి ఊళ్లో ప్రతివాడికీ ఒక పెట్టె ఉంది. అందులో పెడితే ఎవరూ ముట్టుకోలేరు. ఎల్లాజీ పెట్టెని నమ్మలేదు. ఎనిమిదేళ్ల కిందట ఒక చిట్ల కంపెనీ బోర్డు తిప్పేసినప్పుడు అతని మూడు వేలు పోయాయి. అప్పటినుంచీ తాళం ఉన్నది ఏదైనా అతనికి భయమే. బంగారమంతా వీరుడి ఒంటి మీదే వేసుకుని తిరిగాడు. మే మొదటి వారంలో సాలీళ్ల గుంటలో పడి వీరుడు చచ్చాడు. చచ్చినవాడు మళ్లీ లేస్తాడు కాని, వాడి బంగారంలో సగం పోతుందని ఆట నియమం. తొమ్మిది వేలలో నాలుగున్నర వేలు పోయాయి. పది నిమిషాలు ఎల్లాజీ నోట మాట రాలేదు. టీ బడ్డీ దగ్గరవాళ్లు ఆ పది నిమిషాలూ చూసి ఉంటే ఆ రోజు పండగ చేసుకునేవాళ్లు.

ఇకనైనా పెట్టెలో పెట్టుకోండి అన్నా అంది ఫిర్దౌస్. ఎల్లాజీ ఆలోచించి మంచి ఉపాయం పట్టాడు. మిగిలిన బంగారాన్ని తీసుకెళ్లి ఓనరమ్మ దగ్గర దాచాడు. తన పెట్టె ఆమె వీరవనితకి రెండడుగుల దూరంలో ఉంది. ఆ తరవాత మందులు కొనాలంటే కుర్చీలోంచి లేచి, కౌంటర్ దగ్గరికి వెళ్లి, రెండొందల బంగారం ఇప్పించండమ్మా అని వినయంగా అడిగేవాడు. ఫిర్దౌస్‌కి మొదట్లో సరదాగానే ఉంది. పోనుపోను విసుగొచ్చింది. ఇంకొన్నాళ్లకి ఆ చేతులు కట్టుకోవడం చూస్తే ఏదోలా ఉండి తల తిప్పుకునేది. కాని వాటా వద్దని మాత్రం అనలేదు. పెట్టె నిండుతుంటే ఎవరికి చేదు?

మే నడుమ ఒక మధ్యాహ్నం అప్పాయమ్మ ఖాళీ గంపతో సెంటర్ గుమ్మంలోకి వచ్చింది. మొగుడు రోజూ కంప్యూటర్ నేర్చుకోవడానికి పోతున్నాడని ఎవరో చెబితే నమ్మక, చూసిపోదామని వచ్చింది. ఫిర్దౌస్ స్టూలు వేసి మంచినీళ్లిచ్చింది. దుర్గారావు అక్కకి గొప్పగా అంతా వివరించాడు. సెక్టార్లలో రూపాయి దగ్గర అరగంట బేరమాడే మనిషికి గని లెక్క అర్థం కావడానికి ఎంతసేపు? ఐదు నిమిషాలు వింది.

“ఆ గుంట గనిలోకి దిగుతాదా?” అని ఫిర్దౌస్ వైపు చూపించి అడిగింది మొగుణ్ణి.

“దిగదు.”

“మరి సగం దేనికి?”

“బోటు ఆవిడిది.” ఎల్లాజీ కంప్యూటరు మీద చెయ్యి వేసి చూపించాడు.

“దీనికి గంటకి పది రూపాయలు అద్దె కడతన్నావు కదా. అద్దె కట్టిన బోటుకి మళ్లీ వాటా ఏటి?”

ఎల్లాజీ నోరు తెరిచాడు. టీ బడ్డీ దగ్గర ఇరవై రెండేళ్లు మోగిన నోరు అది. అందులోంచి చివరికి వచ్చింది, ఆడోళ్లకి వేట సంగతులు తెలీవు అని. అప్పాయమ్మ గంప చంకన పెట్టుకుని లేచింది. ఆ పది రూపాయలూ తను అమ్మిన చేపలవని కూడా అనలేదు. దుర్గారావు ఆ సాయంత్రమంతా ఆలోచించాడు కాని, మర్నాటికి మర్చిపోయాడు.

చెప్పొద్దూ, పని మాత్రం ఎల్లాజీ బాగా చేసేవాడు. ఏ సొరంగంలో ఇనుము ఎక్కువో, ఎక్కడ తోడేళ్లు కాపు కాస్తాయో, ఎప్పుడు వెనక్కి తిరగాలో, అన్నీ నాలుగు రోజుల్లో పట్టేశాడు. దారి తనే చెప్పేవాడు. మార్చొద్దని అనేవాడెవడూ లేడు. దుర్గారావు ఒకసారి సొరంగం మలుపులో పరాకున సరంగూ అని పిలిచాడు. ఎల్లాజీ వినపడనట్టు నటించాడు, రెండోసారి పిలుస్తాడేమోనని. పిలవలేదు.

మే ముప్ఫై ఒకటి వచ్చేసింది. తెల్లవారితే బోట్లు బయల్దేరతాయి. ఈ సాయంత్రం ఐదింటికల్లా ఐసు ఎక్కించడానికి రమ్మని సూరన్న కబురు పంపాడు. పన్నెండింటికి ముగ్గురూ సెంటర్‌లో కూర్చున్నారు. ఇరవై వేల బంగారం ఎలాగో కూడింది, ఓనరమ్మ దగ్గర భద్రంగా ఉంది. కడ్డీలే ముప్ఫై దగ్గర ఆగిపోయాయి. ఇంకా ఇరవై కావాలి. తీరా చూస్తే గనిలో నల్లినుము అయిపోయింది. నెలన్నరగా తవ్వీ తవ్వీ వీళ్లే ఊడ్చేశారు, మళ్లీ ఊరాలంటే రోజులు పడుతుంది. మూడు గంటలు చీకటి సొరంగాల్లో తిరిగితే ఒక్క పెళ్ల దొరకలేదు. దుర్గారావు దగ్గరా అర్జునరావు దగ్గరా చెరో పదిహేను ఉన్నాయి. తీసుకో బావా అన్నాడు దుర్గారావు. ఎల్లాజీ ఒప్పుకోలేదు. సూరన్న అల్లుడు కలాసీల వాటాలోంచి బీడీ ఖర్చని ఐదో పదో లాగుతాడు. అలాంటి సరంగుని కాను నాను అన్నాడు.

మూడింటికి లేచి కౌంటర్ దగ్గరికి వెళ్లాడు. చేతులు కట్టుకున్నాడు.

“ఓనరమ్మా, ఇరవై కడ్డీలు అడ్వాన్సు ఇప్పించండి. వచ్చే నిషేధానికి తవ్వి తీర్చేత్తాను. మళ్లీ మీ దగ్గరే ఆడతాను, ఇంకో సెంటర్‌కి పోను.”

హార్బర్‌లో అడ్వాన్సు తీసుకున్న కలాసీ అది తీరేదాకా వేరే బోటెక్కడు. ఆ సంగతి ఫిర్దౌస్‌కి తెలుసు. తండ్రి కొట్టు ఎదురుగానే వలల దుకాణం, చిన్నప్పటి నుంచీ వింటున్న మాటలే. ఇన్నాళ్లూ నవ్వుకున్న పిల్లకి ఇప్పుడు సిగ్గు ముంచుకొచ్చింది, ఆ సిగ్గు కోపంగా బయటికొచ్చింది.

“సాయంత్రానికి ఈ ఆటే ఉండదన్నా. ఇంక అడ్వాన్సు ఏంటి, తీర్చడం ఏంటి? అరవై కడ్డీలున్నాయి నా దగ్గర. ఒక్కటి కూడా నేను తవ్వలేదు. అన్నీ తీసుకోండి. అసలు నాకు ఇమ్మని మిమ్మల్ని ఎవరడిగారు?”

ఫిర్దౌస్ మౌసు అందుకుంది. అతను దాచుకున్న ఇరవై వేలూ తిరిగిచ్చేసింది. తన పెట్టె తెరిచి, అరవై కడ్డీలూ ఊరి నడిబొడ్డున కుప్ప పోసి, తన వీరవనితని ఆటలోంచి తీసేసింది. ఓనరమ్మ నిలబడే చోటు ఖాళీ అయింది. ఆ లోకంలో ఇప్పుడు ముగ్గురు తవ్వేవాళ్లూ, వాళ్లు తవ్విన ఇనుమూ తప్ప ఇంకెవరూ లేరు.

ఎల్లాజీ వచ్చి కూర్చున్నాడు. కుప్ప తన వీరుడి పాదాల దగ్గరే ఉంది. కమ్మరి కొట్టు పది అడుగులు. ఇరవై ఏరుకుంటే కవచం తనది.

“ఏరుకో బావా. నీకు ఇరవై సాలు,” అన్నాడు దుర్గారావు. రోజుకి రెండు మాటల అర్జునరావు కూడా తీసుకో అన్నాడు.

మౌసు మీద ఎల్లాజీ చెయ్యి కదల్లేదు. కవచం కావాలని లేకపోవడం కాదు, అంతగా ఏదీ ఎప్పుడూ కోరుకోలేదు. కాని ఇలా ఎత్తుకుంటే ఒకటి ఒప్పుకోవాల్సి వస్తుంది. సగం తీసి పక్కన పెట్టకపోయినా గని కూలదనీ, ఎవరూ వచ్చి చెయ్యి పట్టుకోరనీ, తవ్వినవాడు తవ్వింది ఇంటికి తీసుకెళ్లొచ్చనీ ఒప్పుకోవాలి. అది ఇంత సులువైతే, సూరన్న అరుగు దగ్గర అందరి వెనకాల నిలబడ్డ ఇరవై రెండేళ్లు ఏమిటి? అనుమానం ఉంటే అడగమని ఆయన అన్న ప్రతిసారీ తను నోరు మూసుకున్నది ఎందుకు? ఎల్లాజీకి భయం వేసింది. సాలీళ్ల గుంటలో కూడా అంత భయం వెయ్యలేదు.

“పంచండి,” అన్నాడు. “ముందు బోటుది తియ్యండి.”

దుర్గారావు బావ మొహం చూశాడు. లెక్కపెట్టడం మొదలెట్టాడు. ముప్ఫై కడ్డీలు తీసి ఓనరమ్మ నిలబడే ఖాళీ చోట్లో పేర్చారు. మిగిలిన ముప్ఫైలో సరంగుకి పదిహేను, కలాసీలకి ఏడేసి, సరిపడక మిగిలిన ఒకటి గంగమ్మ తల్లికి. ఎల్లాజీ నలభై అయిదు కడ్డీలతో కమ్మరి దగ్గరికి వెళ్లాడు. ఐదు తక్కువని కమ్మరి చెప్పాడు. మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే చెప్పాడు. దుర్గారావు తనవి ఐదు కింద పెట్టి దూరంగా జరిగాడు. వాటి వైపు ఎల్లాజీ చూడనైనా లేదు.

ఫిర్దౌస్ కౌంటర్ దగ్గర నుంచి లేచొచ్చి వెనక నిలబడి ఉంది. ఇంకో రోజైతే పగలబడి నవ్వేది.

“ఆ ముప్ఫై ఎవరికన్నా?”

“బోటుకమ్మా.”

“నేను లేను కదా అందులో.”

“ఓనరు లేకపోతే మాత్రం బోటు వాటా లేకపోద్దా?” అన్నాడు ఎల్లాజీ. చాలా నెమ్మదిగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు.

నాలుగున్నరకి ముగ్గురూ లేచారు. ఫిర్దౌస్ ఆ రోజుకి అద్దె వద్దంది. ఎల్లాజీ వినలేదు, మూడు కంప్యూటర్లకీ లెక్క కట్టి పైసాతో సహా కౌంటర్ మీద పెట్టి, వస్తానమ్మా అని దండం పెట్టి, ఐసు ఎక్కించడానికి హార్బర్‌కి నడిచాడు.

వాళ్లు వెళ్లాక ఫిర్దౌస్ ఒక్కో కంప్యూటర్‌లోంచీ ఆట తీసేసుకుంటూ వచ్చింది. ఎల్లాజీ కూర్చున్న దాని దగ్గర మాత్రం కాసేపు ఆగింది. తెర మీద ఊరు ఖాళీగా ఉంది. ఎవరివీ కాని ముప్ఫై కడ్డీలు పదేసి చొప్పున మూడు వరసలుగా, ఒక్కటీ వంకర లేకుండా పేర్చి ఉన్నాయి. ఎంసెట్ ఫలితాల కోసం వచ్చినవాళ్లెవరో గుమ్మంలోంచి పిలిచారు. వస్తున్నానని చెప్పి, అందులోంచి కూడా తీసేసింది.